గుమ్మం ముందు కాసేపు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

విశాఖ వన్‌టౌన్‌లో, భీమిలి కొండ వీధుల్లో పాత ఇళ్ళు చూస్తూ నడిచేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. చూసి ఊరుకోకుండా మాకు ఉత్తరాలూ రాస్తున్నారు. వాటిలో గుమ్మాలు, తలుపులకి సంబంధించినవి ఈ నెల తీసుకున్నాం. ఒకే సంగతి నలుగురు అడిగినచోట ఒకరి ఉత్తరమే వేశాం.

పిల్లలకి సెలవులు. ఒక్క పూటలో విశాఖ పాత ఊరు నడిపించి చూపించాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
– పాఠకురాలు, గాజువాక

ఉదయం ఆరున్నరకల్లా అక్కడ ఉండండి. ఆ వేళ ఎండ ఏటవాలుగా పడి తలుపు మీది చెక్కుడు పని లేచి కనిపిస్తుంది. తొమ్మిది దాటిందంటే దుకాణాలవాళ్ళు సామాను తెచ్చి గుమ్మాలకి అడ్డంగా పేర్చేస్తారు, సందుల్లో బళ్ళు నిలుస్తాయి. ఇక చూసేదేమీ ఉండదు.

హార్బరు పక్కన వరసగా మూడు గుట్టలున్నాయి. ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, మూడోదాని మీద మేరీమాత చర్చి. చర్చి ఉన్నదాన్ని రాస్ హిల్ అంటారు. ముందు వీటిలో ఏదో ఒకటి ఎక్కేయండి. కాళ్ళలో సత్తువ ఉన్నప్పుడే ఎక్కడం అయిపోతుందనేది ఒక లాభం. అంతకన్నా పెద్ద లాభం, పైనుంచి కప్పులు కనిపిస్తాయి. ఎక్కడ సిమెంటు స్లాబు వచ్చేసిందో, ఎక్కడ ఇంకా పెంకు మిగిలిందో ఒక్క చూపులో తెలుస్తుంది. ఎర్రగా గుత్తిలా కనిపించిన చోటే మీరు దిగాల్సిన సందు. దిగాక కోటవీధి, సోల్జర్‌పేట, కురుపాం మార్కెట్టు చుట్టుపక్కల తిరగండి. దారిలోనే 1847లో మొదలైన సెయింట్ అలోషియస్ బడి ఉంది. రెండున్నర గంటలు పెట్టుకుంటే చాలు.

పొద్దున్నే అందరూ వాకిళ్ళు కడుగుతారు. అరిగిన రాతిమెట్టు మీద నీళ్ళు పడితే హవాయి చెప్పులు నిలవవు. పట్టు ఉన్న బూట్లు వేయించండి. పిల్లలకి ఒక కాగితం, పెన్సిలు ఇచ్చి ఎన్ని రకాల గొళ్ళేలు కనిపిస్తాయో బొమ్మ వేయమనండి. "అదిగో చూడు, ఇదిగో చూడు" అని మీరు వెంటపడక్కర్లేదు.

తలుపు చూసి "ఇది నూటయాభై ఏళ్ళ నాటిది" అని తేల్చేస్తారు కొందరు. నిజంగా తెలుస్తుందా, ఊహ చెప్తారా?
– పాఠకుడు, విజయనగరం

చాలాసార్లు ఊహే. అందులోనూ చెక్కుడు పని చూసి చెప్పే ఊహ. తామరపువ్వు, చిలక, తీగ చెక్కడం ఏ కాలం వడ్రంగికైనా వచ్చు. నిన్న చెక్కినా అలాగే ఉంటుంది. కాబట్టి చెక్కుడు పని ఆఖర్న చూడండి. తలుపును కిందినుంచి పైకి చదవాలి.

మొదట రెక్క దేని మీద తిరుగుతోందో చూడండి. పాత పద్ధతిలో బందులే ఉండవు. రెక్క అంచున ఉన్న నిలువు చెక్కకే కింద ఒకటి, పైన ఒకటి గుండ్రటి కుసి, అంటే పొడుచుకొచ్చిన కొస, వదిలేస్తారు. కిందిది గడపలోనో, పక్కనున్న రాతిలోనో తొలిచిన గుంటలో తిరుగుతుంది, పైది పై కమ్మిలోని, అంటే ద్వారబంధం పైన అడ్డంగా ఉండే చెక్కలోని, బెజ్జంలో. అరిగేకొద్దీ రెక్క కిందికి దిగి నేలను గీస్తుంది. గచ్చు మీద పావువంతు చక్రంలా గీత కనిపిస్తే ఆ తలుపు ఏళ్ళ తరబడి అలా తిరిగిందన్నమాట. ఆ తర్వాతివి కమ్మరి కొట్టిన పొడుగాటి పట్టీ బందులు. ఇప్పుడు మనం వాడే మడతబందులు ఇంకా తర్వాతివి. అయితే పాత రెక్కకి కొత్త బందులు వేయడం ఎప్పుడూ ఉన్నదే. అందుకే బందు చుట్టూ చూడాలి. పక్కన చెక్కముక్కతో పూడ్చిన పాత గాడి ఉందంటే ఇప్పుడున్నది మొదటి బందు కాదు.

తర్వాత మేకులు. కమ్మరి చేత్తో కొట్టిన మేకు నలుపలకలుగా ఉండి కొసకి సన్నబడుతుంది. తల మీద సుత్తి దెబ్బల పలకలు కనిపిస్తాయి, ఏ రెండు తలలూ ఒకలా ఉండవు. వెనకవైపు కొస వంచి చెక్కలోకి కొట్టేసి ఉంటుంది. గుండ్రటి తీగ మేకులు ఫ్యాక్టరీ సరుకు. అవి 19వ శతాబ్దం చివర్లో గాని బాగా వ్యాపించలేదు. మరలైతే పాతవాటికి తల మీద ఒకే గాడి, అదీ ఒక్కోసారి మధ్యకి కాక పక్కకి ఉంటుంది. ప్లస్ గాడి మర 1930ల తర్వాతిది. దాన్నిబట్టి తలుపు వయసు కట్టకండి, మర వయసే తెలిసింది.

వీలైతే, ఇంటివాళ్ళు సరేనంటే, రెక్క వెనక్కి వెళ్ళండి. ముందువైపు వడ్రంగి చిత్రిక పట్టి నున్నగా చేస్తాడు. వెనక అంత శ్రద్ధ పెట్టడు. అక్కడ సెల్‌ఫోన్ టార్చి పక్కనుంచి వాల్చి వేస్తే బాడిస దెబ్బలు చిన్న చిన్న గుంటల్లా తేలతాయి. చేతిరంపంతో కోసిన పలక మీద గీతలు ఏటవాలుగా, ఎడం ఎడంగా, ఒకదానికొకటి కుదరకుండా ఉంటాయి. విల్లులా వంగిన గీతలుంటే గుండ్రటి మిషన్ రంపం తిరిగిందని అర్థం.

పలక వెడల్పు కొలవండి. అతుకు లేకుండా పద్నాలుగు, పదహారు అంగుళాల ఒకే పలక ఉంటే చాలా పెద్ద మాను కోశారన్నమాట. ఈ తీరంలో అటువంటి పలకలు చాలావరకు బర్మా టేకు. మన కోస్తా జిల్లాలవాళ్ళు వేలకువేలు రంగూన్ వెళ్ళి పనిచేసిన రోజుల్లో అక్కడి టేకు ఈ రేవుల్లో దిగేది. ఇప్పటి తలుపుల్లో అదే వెడల్పుకి నాలుగైదు అంగుళాల బద్దలు మూడు అతికిస్తున్నారు. ఎండిన టేకు ఘనపుటడుగు సుమారు 18 కిలోలు తూగుతుంది, గుగ్గిలం (సాల్) చెక్క 24 దాకా వస్తుంది. ఒక రెక్కను కొద్దిగా ఎత్తి చూస్తే చేతికే తేడా తెలుస్తుంది. గోకితే టేకు తోలు వాసన వేస్తుందని పుస్తకాల్లో ఉన్నమాట నిజమే, కానీ పరాయివాళ్ళ తలుపు గోకకండి.

ఆఖర్న తల పైకెత్తండి. బంగళా పెంకు వెనకవైపు తయారుచేసిన కంపెనీ పేరు అచ్చు ఉంటుంది. ఈ పెంకు ఫ్యాక్టరీల్లో మొదటిది బాసెల్ మిషన్ అనే స్విట్జర్లాండు క్రైస్తవ సంస్థవాళ్ళు 1865లో మంగుళూరులో పెట్టారు. అందుకే అవి ఉన్న కప్పు అంతకు ముందుది కాదు. అంతకు ముందంతా కుమ్మరి చేసిన గూనపెంకే. వసారా మీద ఇనుప దూలం ఉంటే దాని నడుముపట్టీ మీద ఉబ్బెత్తు అక్షరాలు వెతకండి. డోర్మన్ లాంగ్ అని ఉంటే ఆ ఇంగ్లండు కంపెనీ పుట్టింది 1875లో, లెక్క మీరే వేసుకోవచ్చు.

బందు ఒకటి చెప్పి, మేకు ఇంకొకటి చెప్పి, కప్పు మూడోది చెప్తే ఆ ఇల్లు మూడుసార్లు బాగుచేయించుకుంది. మూడూ ఒకే కాలం చెప్పినప్పుడే ధైర్యంగా వయసు చెప్పండి. గోడ మీద సిమెంటుతో రాసిన సంవత్సరం చాలా ఇళ్ళలో చివరి మరమ్మతుదే.

భీమిలిలో డచ్చివారి ఇళ్ళు, డచ్ తలుపులు ఎక్కడున్నాయి?
– పాఠకుడు, హైదరాబాద్

డచ్చివారి కోసం వెళ్తే సమాధుల దగ్గరికి వెళ్ళండి. వాటి మీది చెక్కుడు అక్షరాలు, చిహ్నాలు చూడదగ్గవి. వాళ్ళు 17వ శతాబ్దంలో వచ్చారు, 1825లో ఊరు ఇంగ్లీషువారి చేతికిచ్చి వెళ్ళిపోయారు. భీమిలి 1861లోనే మునిసిపాలిటీ అయింది. వీధుల్లో ఇవాళ మీకు కనిపించే స్తంభాల వసారాలు, రంగుటద్దాల తలుపులు ఎక్కువగా ఆ తర్వాతి కాలపు తెలుగు ఇళ్ళవి. కొందరు గైడ్లు తెల్లసున్నం వేసిన ప్రతి ఇంటినీ డచ్ బంగళా అనేస్తారు. అడ్డంగా రెండు ముక్కలై పైభాగం విడిగా తెరుచుకునే తలుపును ఇంగ్లీషులో డచ్ డోర్ అంటారు. ఆ పేరుకీ భీమిలికీ సంబంధం లేదు.

కొండవాలులో పాత ఇల్లు కొన్నాం. వీధివైపు రెండంతస్తులు, వెనకవైపు ఒకటే. కింది అంతస్తులో వెనక గది గోడ ఎప్పుడూ తడి. సిమెంటు ప్లాస్టరింగ్ చేయిస్తే ఏడాదిలో తడి ఇంకా పైకి పాకింది. ఏం లోపం?
– పాఠకురాలు, భీమునిపట్నం

లోపం ఆ సిమెంటులోనే ఉంది. మీ వెనక గోడ అవతల గాలి లేదు, మట్టి ఉంది. వాన కురిస్తే కొండ మీది నీరంతా ఆ మట్టిలోంచి దిగి మీ గోడను ఆనుకుని ఆగుతుంది. పాత గోడ గానుగ సున్నంతో కట్టింది. లోపలికి వచ్చిన తేమ సున్నపు పూతలోంచి మెల్లగా గదిలోకి ఆరిపోయేది. సిమెంటు పూత ఆ దారి మూసేసింది. ఆరే దారి లేక తేమ పైకి ఎక్కింది. దాంతోపాటే ఉప్పు వస్తుంది. పూత అంచు దాటాక నీరు ఆరిపోయి, ఉప్పు స్ఫటికాలు కట్టి ఇటుక ముఖాన్ని పొడిపొడిగా రాలుస్తుంది. గోడ మీద తెల్లటి బూజులాంటిది కనిపిస్తోందా? అదే ఇది.

పని బయట మొదలుపెట్టాలి. కొండవైపు గోడ పొడవునా ఒక కాలువ తీయించండి. వెడల్పు ఒక అడుగు, అడుగుభాగం మీ గదిలో నేల మట్టం కంటే కనీసం ఆరంగుళాలు కిందికి. వాలు నూరడుగులకి ఒక అడుగు. అందులో చిల్లులున్న నాలుగంగుళాల పైపు వేసి, చుట్టూ 20 నుంచి 40 మిల్లీమీటర్ల కంకర నింపి, మట్టి దిగకుండా కంకరని జియోటెక్స్‌టైల్ గుడ్డతో చుట్టాలి. పైపు రెండో కొస ఇంటి పక్కనుంచి వీధి కాలువలోకి తెరుచుకోవాలి. రెండు జాగ్రత్తలు. పునాది అడుగుభాగం కంటే లోతుకి తవ్వకూడదు. ఒకేసారి గోడంతా తవ్వకుండా ఆరేసి అడుగుల ముక్కలుగా తవ్వి పూడుస్తూ పోవాలి. పాత పునాదికి పక్కన మట్టి ఆసరా, అది ఒక్కసారిగా పోతే గోడ జరుగుతుంది. మీ పునాది లోతు ఎంతో తెలియకపోతే ముందు ఒక్కచోట గొయ్యి తీసి చూసి, ఇంజనీరుకి చూపించాకే పనికి దిగండి.

లోపల, తడి మచ్చ పైకి రెండడుగుల దాకా సిమెంటు పూత కొట్టించేయండి. ఒక వేసవంతా గోడ అలాగే ఆరనివ్వండి. పైకి వచ్చిన ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి చేటలో ఎత్తి పారేయండి. నీళ్ళతో కడిగితే కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. ఆ తర్వాత సున్నపు పూత: రెండు వారాలైనా నానబెట్టి జల్లించిన సున్నం ఒక పాలు, ఏటి ఇసుక మూడు పాళ్ళు. సముద్రపు ఇసుక ఎవరు తెచ్చినా వెనక్కి పంపేయండి. పన్నెండు మిల్లీమీటర్లు మించకుండా రెండు పూతలు, రెంటికీ మధ్య వారం, ప్రతి పూతనీ వారం రోజులు తడి గోనెలతో కప్పి ఉంచాలి. పైన సున్నమే వేయాలి. ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే మొదటికొస్తారు. లోపలినుంచి వాటర్‌ప్రూఫ్ కెమికల్ కొడితే సరిపోతుందని చెప్పేవాళ్ళు వస్తారు. అవతల నిలిచిన నీటికి అది చేసేదేమీ లేదు.

తలుపుల ఫొటోలు తీస్తుంటే వంకరగా వస్తున్నాయి. కొందరు ఇళ్ళవాళ్ళు కోప్పడుతున్నారు కూడా.
– పాఠకుడు, మధురవాడ

రెండోది ముందు. తలుపు వీధిలో ఉన్నా, అరుగు ఇంట్లో భాగమే. అరుగు మీద ఎవరైనా కూర్చుని ఉంటే ఫోను జేబులోనే ఉంచి దగ్గరికెళ్ళి "పిన్నిగారూ, మీ తలుపు చాలా బాగుందండీ, ఒక్క ఫొటో తీసుకోవచ్చా" అని అడగండి. కాదన్నవాళ్ళు తక్కువ. లోపలికి కనిపించేలా మాత్రం తీయకండి. రెక్క తెరిచి ఉంటే దగ్గరికి వేయమనండి. పసుపు రాసిన గడప మీద కాలుగాని, బ్యాగుగాని పెట్టకూడదని వేరే చెప్పక్కర్లేదు. ముగ్గు తొక్కినా అంతే.

ఇంటర్నెట్‌లో పెట్టేటప్పుడు ఇంటి నంబరు, వీధి పేరు తీసేయండి. మనుషులెవరూ ఉండని పాత ఇళ్ళలో ఇత్తడి గుబ్బలు, గొళ్ళేలు ఊడదీసుకెళ్ళేవాళ్ళకి అంతకంటే మంచి చిరునామా పుస్తకం దొరకదు.

ఇక వంకర. సందు ఇరుకని ఫోనులో 0.5 లెన్సు, అంటే ఎక్కువ వెడల్పు పట్టేది, పెడతారు, దాంతో నిలువు కమ్ములు పైకి దగ్గరౌతాయి. 1 మీదే ఉంచి ఎదురు సందులోకి వెనక్కి నడవండి. ఫోను తలుపు సగం ఎత్తుకి, అంటే మూడడుగులకి దించి, వెనక్కి వాల్చకుండా నిట్టనిలువుగా పట్టుకోండి. కెమెరా సెట్టింగుల్లో గ్రిడ్ గీతలు వేసుకుని ద్వారబంధాన్ని వాటికి కలపండి. మెట్ల సందులో ఒక మెట్టు ఎక్కితేనో దిగితేనో ఎత్తు కుదురుతుంది. చెక్కుడు పనికి ఎండ పక్కనుంచి రావాలి. తూర్పు ముఖం తలుపు మీద ఎండ తెల్లవారాక సూటిగా పడి చెక్కుడంతా చదునుగా కనిపిస్తుంది. దాన్ని పదింటి తర్వాత తీయండి. ఉత్తర, దక్షిణ ముఖాలవి ఉదయం ఏడెనిమిదికి బాగుంటాయి.

రోజూ గడప కడిగి పసుపు రాస్తాం. ద్వారబంధం కాళ్ళు రెండూ కింద పుచ్చిపోయాయి. మొత్తం పీకేసి కొత్తది పెట్టాలంటున్నారు. మా తాతగారి కాలం నాటిది, మనసొప్పడం లేదు.
– పాఠకురాలు, అనకాపల్లి

పీకించకండి. ఎంతవరకు పుచ్చిందో ముందు మీరే చూడండి. స్క్రూడ్రైవరు కొసని చెక్కలోకి నొక్కుతూ కిందినుంచి పైకి రండి. పావంగుళం కంటే సులువుగా దిగినచోటల్లా సుద్దతో గుర్తు పెట్టండి. చాలా ఇళ్ళలో అది కింది ఆరు నుంచి పదంగుళాల లోపే ఆగుతుంది. మట్టి గొట్టాలు కనిపిస్తే అవి చెదలు. ముందు వాటి సంగతి చూసి, తర్వాత వడ్రంగిని పిలవండి.

పుచ్చు ఆగిన చోటు దాటి రెండంగుళాలు గట్టి చెక్కలోకి పోయి ఏటవాలుగా కోయించాలి. కమ్మి మందం నాలుగంగుళాలైతే అతుకు పొడవు పన్నెండంగుళాలు, అంటే మందానికి మూడింతలు. కోత ఎప్పుడూ బయటివైపుకి దిగేలా ఉండాలి, గోడ మీదుగా జారిన నీరు అతుకులోకి పోకుండా బయటికే కారిపోతుంది. ఇది తిరగబెట్టి కోస్తే రెండేళ్ళలో మళ్ళీ పుచ్చుతుంది, చెడిన మరమ్మతుల్లో ఎక్కువ ఇదే తప్పు. కొత్త ముక్క పాత టేకుదే తెప్పించండి, చెక్క గీతలు నిలువుగా కలవాలి. రెండు పాళ్ళ ఎపాక్సీ జిగురుతో అతికి, పక్కనుంచి 12 మిల్లీమీటర్ల టేకు చీలలు రెండు మూడు దిగ్గొట్టాలి. ఇనుప మేకు వద్దు, సముద్రపు గాలికి తుప్పు పట్టి ఉబ్బి చెక్కను చీలుస్తుంది.

కోతకి ముందు పై కమ్మికి రెండు పక్కలా ఆపులు పెట్టించడం మరవకండి. పాత ఇళ్ళలో ద్వారబంధం మీదే గోడ బరువు నిలబడి ఉండొచ్చు.

కాలి కొస గచ్చులో పాతిపెట్టొద్దు. నల్లరాతి ముక్క మీద, నేలకి అరంగుళం ఎత్తులో నిలబెట్టండి. కొసకి జిగురు రెండుసార్లు పట్టించాలి, చెక్క నీళ్ళు తాగేది అడ్డుకోత లోంచే. ఇక పసుపు. రాసుకోండి, దానివల్ల చెక్కకి చెరుపు లేదు. చెరుపంతా చెంబుతో పోసే నీళ్ళది, అవి గడపకీ కమ్మికీ మధ్య సందులో నిలుస్తాయి. తడిగుడ్డతో తుడిచి పసుపు రాస్తే సరి. వాకిలి మెట్టుకి బయటివైపు అడుగుకి పావంగుళం వాలు పెట్టిస్తే వాన నీరూ నిలవదు.

పాత తలుపు మీద ఎనిమిది పొరల ఆయిల్ పెయింటు ఉంది. గీకించి లోపలి టేకు బయటపెట్టాలని ఉంది.
– పాఠకుడు, రాజమహేంద్రవరం

ఒక మాట అడుగుతాం, ఏమీ అనుకోకండి. ఆ తలుపుకి మొదటినుంచీ రంగు ఉండేదేమో చూశారా? మూలన ఒక్క అంగుళం మేర పొర పొరగా గీకి చూడండి. చెక్కను ఆనుకునే రంగు ఉంటే ఆ తలుపు రంగు కోసమే చేసింది. ముఖ్యంగా వీధి తలుపులు. రంగు లేని టేకు అందమనేది ఇప్పటి మాట. వానా ఎండా నేరుగా తగిలే తలుపుకి రంగే మంచిదని మా సలహా.

అయినా గీకుతానంటే ఒకటి తెలుసుకోండి. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) మించరాదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమలైంది. పాత పొరల్లో సీసం ఉందనే అనుకుని పనిచేయాలి. పొడి సాండ్ పేపర్ పట్టడం, మంట పెట్టి కాల్చడం రెండూ వద్దు. దుమ్మూ పొగా రెండూ ఊపిరితిత్తుల్లోకే పోతాయి. పిల్లల్ని, గర్భిణుల్ని ఆ రోజుల్లో ఆ ఇంట్లో ఉంచకండి. మాస్కు తప్పనిసరి. కింద ప్లాస్టిక్ షీటు పరిచి, రాలిన పెచ్చులు సంచిలో కట్టండి, తోటలో ఊడ్చేయకండి.

పని ఇలా: జెల్ రకం పెయింట్ రిమూవరు రెండు మిల్లీమీటర్ల మందాన పట్టించి, డబ్బా మీద రాసినంతసేపు, మామూలుగా పావుగంట నుంచి అరగంట, వదిలేయండి. బుడగలు లేచాక చెక్క గీతల వెంబడే మొద్దు అంచు గీకుడుపారతో తీయాలి. అడ్డంగా గీస్తే గాయాలు మిగులుతాయి. చెక్కుడులో వెదురు పుల్ల చెక్కుకుని వాడండి, ఇనుప చువ్వ ముట్టించకండి. ఎనిమిది పొరలు ఒక్కసారికి రావు, మూడు నాలుగు సార్లు పడుతుంది. కాస్టిక్ సోడా తొట్టిలో రెక్కను ముంచేసే అడ్డదారి ఉంది. అందులో టేకు నల్లబడుతుంది, పైపొర నార లేస్తుంది, అతుకుల జిగురు వదిలి నెలకల్లా రెక్క సడలుతుంది.

రెండ్రోజులు ఆరాక 120, 180, 220 నంబర్ల కాగితం వరసగా పట్టండి, తడిపి. లోపలి తలుపైతే అవిసె నూనె, టర్పెంటైను సమపాళ్ళలో కలిపి పూసి, ఇరవై నిమిషాల్లో మిగిలింది తుడిచేయండి. రెండో పూత రెండ్రోజులకి. వీధి తలుపుకి ఉత్త అవిసె నూనె పనికిరాదు, ఉక్క వాతావరణంలో నల్ల బూజు పడుతుంది. నూనె తుడిచిన గుడ్డలు ముద్దగా చుట్టి మూలన పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరబెట్టండి, లేదా నీళ్ళబకెట్లో వేయండి.

కొత్త ఫ్లాటుకి పాత తలుపు కొనాలని ఉంది. మోసపోకుండా ఏం చూడాలి?
– పాఠకురాలు, విజయవాడ

కొత్త చెక్కకి పాత రంగు పట్టించినదైతే అరుగుదల అంతటా ఒకలాగే ఉంటుంది. నిజంగా వాడిన తలుపు చెయ్యి తగిలేచోటే నున్నబడుతుంది, గొళ్ళెం ఊగినచోట అర్ధచంద్రంలా గాటు పడుతుంది, గడప నడిమధ్యలో అరుగుతుంది. రెక్కలూ ద్వారబంధమూ ఒకే ఇంటివేనా చూడండి. బందుల గాడులు రెండింటిలో ఒకే ఎత్తులో కలవాలి. మూల నుంచి మూలకి టేపు పెట్టి కొలవండి, రెండు ఐమూలలకీ మధ్య పావంగుళం కన్నా తేడా వస్తే సరిచేయడం ఖర్చుతో కూడిన పని. సన్నటి సూది రంధ్రాలుంటే వాటి మీద కాగితం అంటించి రెండు వారాలు ఆగమనండి. పిండి రాలితే పురుగు ఇంకా లోపలే ఉంది.

తెచ్చాక మూడు వారాలు ఇంట్లోనే ఆనించి ఉంచి అప్పుడు బిగించండి. చుట్టూ మూడు మిల్లీమీటర్ల సందు వదలాలి, శ్రావణంలో చెక్క అడ్డానికి ఉబ్బుతుంది. రెక్క మధ్య పలకలు చట్రంలో వదులుగా కూర్చుంటాయి. కదులుతున్నాయని జిగురు పోసి బిగించేస్తారు కొందరు. చలికాలానికి పలక నడిమికి చీలుతుంది.

ఫ్లాటు గుమ్మం ఏడడుగులు, పాత తలుపు చాలావరకు ఆరే. పైన అడుగు ఖాళీలో రంగుటద్దాల వెంటిలేటరు పెట్టించుకోండి. రెక్కను కోసి అతికి పొడిగించమని మాత్రం చెప్పకండి.

వేసవిలో మా అమ్మాయి దగ్గరికి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్నాం. అక్కడి కొండ వీధుల్లో పాత ఇళ్ళు ఏ వైపు చూడాలి? మోకాళ్ళ నొప్పులున్నాయి.
– పాఠకురాలు, గుంటూరు

ఊరి మధ్య వాన్ నెస్ అనే పెద్ద రోడ్డు ఉంది. 1906 ఏప్రిల్ 18 భూకంపం తర్వాత చెలరేగిన మంటల్లో దానికి తూర్పున చాలా భాగం కాలిపోయింది. కాబట్టి పడమటి వైపు వెళ్ళండి. ఫ్రాంక్లిన్ వీధిలో 1886 నాటి హాస్-లిలియెంతాల్ ఇల్లు మ్యూజియంగా ఉంది. అలామో స్క్వేర్ పక్కన ఫొటోల్లో కనిపించే రంగుల ఇళ్ళ వరస 1890లలో కట్టింది. అవన్నీ రెడ్‌వుడ్ చెక్క ఇళ్ళు, స్థలం వెడల్పు చాలాచోట్ల 25 అడుగులే. చదరపు కిటికీ అరలు ముందుకి పొడుచుకొస్తే 1880ల బాణీ, మూలన గుండ్రటి బురుజు, త్రికోణపు కప్పు ఉంటే 1890లది. తలుపు మీది అద్దంలో బంగారు రేకుతో రాసిన ఇంటి నంబర్లు కొన్నిచోట్ల ఇంకా ఉన్నాయి.

మోకాళ్ళకి ఒకటే ఉపాయం: బస్సులో పైకెళ్ళి నడుస్తూ దిగండి. మరీ నిటారు వీధులకి దూరంగా ఉండండి. ఫిల్బర్ట్ వీధి ఒకచోట నూరడుగులకి 31 అడుగులకి పైగా లేస్తుంది, అక్కడ దిగడమూ కష్టమే. జులైలో కూడా సాయంత్రం పొగమంచు పడుతుంది, స్వెట్టరు చేతిసంచిలో ఉంచుకోండి.